వేప్ షాపు గుమ్మం దాకా వెళ్లి తిరిగొచ్చాను, లోపల ఏం అడగాలో చెప్పండి

రెడింగ్_రాంబాబు
పదకొండేళ్లుగా సిగరెట్లు తాగుతున్నాను. ఊళ్లో ఉన్నప్పుడు రోజుకు ఆరేడు. ఇంగ్లండ్‌కొచ్చాక చలి పేరు చెప్పి పన్నెండు చేశాను. ప్యాకెట్ పదిహేను పౌండ్లు దాటింది, పైగా ఫిబ్రవరిలో పాప పుట్టింది. పొగ వాసనతో పాపను ఎత్తుకోబోతే మా ఆవిడ చొక్కా మార్చుకుని రమ్మంటోంది. మొన్న జీపీ (మా ఇంటి దగ్గరి డాక్టర్) దగ్గర నర్సు "వేప్‌కి మారి చూడకూడదా" అంది. అదే, నికోటిన్ ద్రవాన్ని వేడి చేసి ఆవిరి పీల్చే ఎలక్ట్రానిక్ సిగరెట్. ఇండియాలో నిషేధించిన వస్తువును ఇక్కడ ఆసుపత్రివాళ్లే వాడమంటున్నారేమిటని బిత్తరపోయాను.

నిన్న ధైర్యం చేసి మా వీధి చివర షాపుకు వెళ్లాను. గోడ నిండా సీసాలే. మందుల షాపునూ స్వీట్ షాపునూ కలిపి కట్టినట్టుంది. కౌంటర్ దగ్గర కుర్రాడు "ఎంటీఎలా, డీటీఎలా?" అన్నాడు. నేను "డెబిట్ కార్డు" అన్నాను. వెనకాల ఇద్దరు కిసుక్కున నవ్వారు. మళ్లీ వస్తానని చెప్పి బయటికొచ్చి, ఆ సిగ్గు పోవడానికి ఒక సిగరెట్ వెలిగించాను.

షాపులో ఏం అడగాలి, ఎంత పెట్టాలి, ఎక్కడ మోసపోకూడదు? తెలిసినవాళ్లు చెప్పండి. "అన్నీ మానేయొచ్చుగా" అనబోయేవాళ్లకు ముందే చెబుతున్నా, నాలుగుసార్లు మానేశాను.

పొగరాయుడు
డెబిట్ కార్డు అన్నావా. ఈ వారానికి నాకిది చాలు, ఇంకేమీ చదవక్కర్లేదు.

కౌంటర్_వెనక
కవెంట్రీలో ఎమ్మెస్సీ చేస్తూ రెండేళ్లు వేప్ షాపులో పార్ట్ టైం చేశాను. మీలాంటివాళ్లు రోజుకు నలుగురైనా వచ్చేవాళ్లు, కాబట్టి సిగ్గుపడకండి. సిగ్గుపడాల్సింది ఆ కుర్రాడు. కొత్తవాళ్లను అలా అడగకూడదు.

ఎంటీఎల్ అంటే మౌత్ టు లంగ్. ముందు నోట్లోకి లాగి, తర్వాత లోపలికి పీల్చడం. సిగరెట్ తాగేది అలాగే. డీటీఎల్ అంటే డైరెక్ట్ టు లంగ్. హుక్కాలాగా నేరుగా ఊపిరితిత్తుల్లోకి లాగడం. పెద్ద పెద్ద మబ్బులు వదిలే కుర్రాళ్లది ఈ రెండో రకం. సిగరెట్ నుంచి వచ్చేవాళ్లకు మొదటిదే సరిపోతుంది. ఇది చెబితే షాపులో సగం గోడ మీ కళ్ల ముందునుంచి పోతుంది.

తెలిసినవాడైతే మిమ్మల్ని రెండు ప్రశ్నలు అడుగుతాడు. రోజుకు ఎన్ని తాగుతారు? నిద్ర లేచిన ఎంతసేపటికి మొదటిది వెలిగిస్తారు? రెండోదే అసలు ప్రశ్న. లేచిన అరగంటలోపు వెలిగించేవాళ్లకు నికోటిన్ అవసరం ఎక్కువ. ఇక్కడ మనవాళ్లు చేసే తప్పేమిటంటే అబద్ధం చెప్పడం. డాక్టర్‌కు చెప్పినట్టే షాపువాడికీ "ఏదో రోజుకు నాలుగైదు" అంటారు. వాడు నికోటిన్ తక్కువుండే 3 మిల్లీగ్రాముల సీసా ఇస్తాడు. మూడు రోజుల తర్వాత వచ్చి "ఇది పనిచేయదు, అంతా మోసం" అంటారు. పన్నెండు తాగేవాళ్లు పన్నెండనే చెప్పండి.

మీరు చెప్పినదాన్ని బట్టి చిన్న పాడ్ కిట్ చాలు, అంటే చార్జింగ్ పెట్టుకునే చిన్న పరికరం, దానికి ద్రవం పోసుకునే పాడ్. 15 నుంచి 25 పౌండ్లు. దాంట్లోకి 10 మిల్లీలీటర్ల సాల్ట్ సీసాలు, ఒక్కోటి మూడు నాలుగు పౌండ్లు. ఈ దేశంలో చట్టప్రకారం మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాముల నికోటిన్ దాటకూడదు, నికోటిన్ ఉన్న సీసా 10 మిల్లీలీటర్లు దాటకూడదు, ట్యాంకు 2 మిల్లీలీటర్లు దాటకూడదు. ఎవడైనా 50 మిల్లీగ్రాములని రాసున్నది చూపిస్తే అది దొంగ సరుకు, బయటికొచ్చేయండి. వాడి పారేసే రకం 2025 జూన్ 1 నుంచి ఇక్కడ అమ్మకూడదు. కౌంటర్ కిందనుంచి తీసి ఇచ్చినా తీసుకోకండి.

మొదటి రోజే డెబ్బై పౌండ్ల పెద్ద మెషిన్ అంటగట్టే షాపులూ ఉన్నాయి. కమీషన్ ఉండేది, నేనూ ఒకటి రెండు అమ్మాను. పాపం అనుకోండి.

గోదారి_గట్టు
సాల్ట్ అంటే ఉప్పా? నాకు బీపీ ఉంది, అందుకే అడుగుతున్నా.

కౌంటర్_వెనక
వంటింటి ఉప్పు కాదండీ. నికోటిన్‌కు బెంజోయిక్ ఆమ్లం లాంటిది కలిపి గొంతు మండకుండా చేస్తారు, దాన్ని నికోటిన్ సాల్ట్ అంటారు. మామూలు నికోటిన్ 20 దగ్గర పెడితే గొంతులో గీరుకుంటుంది. కొందరికి ఆ గీరుడే కావాలి, అది లేకపోతే తాగినట్టుండదంటారు. బీపీ మాత్రం డాక్టర్‌ను అడగండి, నికోటిన్ ఏ రూపంలో వెళ్లినా గుండె వేగం పెంచుతుంది.

అట్లాంటా_అక్క
అందరూ ఇంత హుషారుగా సలహాలిస్తుంటే నేనొక్కదాన్నే అడ్డం పడుతున్నట్టుంది, అయినా చెబుతాను. 2019లో ఇక్కడ అమెరికాలో వేప్‌ల వల్ల ఊపిరితిత్తులు పాడై 2,800 మందికి పైగా ఆసుపత్రిలో చేరారు. 2020 ఫిబ్రవరి నాటికి 68 మంది పోయారు. మా అబ్బాయి హైస్కూల్లో బాత్రూములకు తలుపులు తీసేశారు, పిల్లలు లోపల ఇదే పని చేస్తున్నారని. రాంబాబు తమ్ముడూ, ఒక దయ్యాన్ని వదిలించుకోవడానికి ఇంకో దయ్యాన్ని పూనించుకుంటావా?

నైట్‌షిఫ్ట్_ఫార్మసీ
అక్కా, ఆ అంకెలు సరైనవే. కానీ ఆ కేసుల్లో ఎక్కువమంది గంజాయి సారం ఉన్న కార్ట్రిడ్జ్‌లు వాడారు. వాటిని చిక్కగా చేయడానికి కలిపిన విటమిన్ ఈ అసిటేట్ ఊపిరితిత్తులను దెబ్బతీసిందని తేలింది. బ్రిటన్‌లో నికోటిన్ వేప్ ద్రవాల్లో విటమిన్లు కలపడం నిషిద్ధం.

పిల్లల విషయంలో మీతో నూటికి నూరు పాళ్లు ఏకీభవిస్తాను. ఎన్నడూ సిగరెట్ ముట్టనివాడు వేప్ ముట్టుకోవాల్సిన పనే లేదు. ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ) చెప్పేదీ అదే: సిగరెట్ తాగేవాడికి ఇది చాలా తక్కువ హాని, తాగనివాడికి కొత్త హాని. తారు, కార్బన్ మోనాక్సైడ్ వచ్చేది మంట వల్ల. ఇక్కడ మంట లేదు. అలాగని పీల్చేది మంచి గాలీ కాదు. ముప్ఫై ఏళ్లు వేప్ తాగినవాడి ఊపిరితిత్తులు ఎలా ఉంటాయో చూడ్డానికి అంత పాత వేపర్లు ఇంకా లేరు.

2019లో ఇంగ్లండ్‌లో 886 మంది మీద ఒక ప్రయోగం జరిగింది. సగం మందికి వేప్, సగం మందికి నికోటిన్ ఇచ్చే ప్యాచ్ (చర్మానికి అంటించేది), గమ్ లాంటివి ఇచ్చారు. ఏడాది తర్వాత సిగరెట్‌కు దూరంగా ఉన్నవాళ్లు వేప్ జట్టులో 18 శాతం, రెండో జట్టులో 9.9 శాతం. దాదాపు రెట్టింపు. ఇంకోవైపు నుంచి చూస్తే వేప్ ఇచ్చినవాళ్లలోనూ ఐదుగురిలో నలుగురికి కుదరలేదు. కాబట్టి రాంబాబు గారూ, ఇది మంత్రం కాదు.

అట్లాంటా_అక్క
ఆ మానేసినవాళ్లు ఏడాది తర్వాత వేప్ కూడా మానేశారా?

నైట్‌షిఫ్ట్_ఫార్మసీ
లేదు. నూటికి ఎనభై మంది అప్పటికీ వేప్ వాడుతూనే ఉన్నారు. ప్యాచ్, గమ్ జట్టులో ఆ లెక్క తొమ్మిది.

అట్లాంటా_అక్క
నేనన్న దయ్యం అదే.

పొగరాయుడు
అక్కా, దయ్యాల్లోనూ చిన్నవీ పెద్దవీ ఉంటాయి కదా. నా దయ్యం నెలకు 270 పౌండ్లు తినేది. ఇప్పటిది నలభై ఐదుతో సరిపెట్టుకుంటోంది.

కూకట్‌పల్లి_కుర్రాడు
అన్నా, ఇండియాకు ఎప్పుడొస్తున్నావ్? వచ్చేటప్పుడు నాకొకటి పట్టుకురా. ఇక్కడ దొరికేది ఒరిజినలో కాదో తెలియట్లేదు.

కౌంటర్_వెనక
తేవద్దు, అడగనూ వద్దు. 2019 సెప్టెంబరు 18న కేంద్ర మంత్రివర్గం ఆర్డినెన్స్ తెచ్చింది, డిసెంబరులో అది చట్టమైంది. తయారీ, అమ్మకం, దిగుమతి, రవాణా, ప్రకటన అన్నీ నేరమే. మొదటిసారి దొరికితే ఏడాది దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే మూడేళ్లు, ఐదు లక్షలు. నిల్వ పెట్టినా ఆరు నెలలు లేదా యాభై వేలు. శంషాబాద్‌లో సూట్‌కేసు తెరిచినప్పుడు "మా తమ్ముడి కోసం సార్" అంటే ఎవరూ వినరు.

కూకట్‌పల్లి_కుర్రాడు
ఇక్కడ పాన్ డబ్బాలో చాక్లెట్లతో పాటు అమ్ముతున్నారన్నా. చట్టం ఎక్కడుంది?

నైట్‌షిఫ్ట్_ఫార్మసీ
నిషేధం ఉన్నచోట అదే చిక్కు. లోపల ఎంత నికోటిన్ ఉందో, ఇంకేం కలిపారో అడిగే నాథుడు ఉండడు. తమ్ముడూ, నువ్వు సిగరెట్ మానాలనుకుంటే అక్కడ మెడికల్ షాపులో 2 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ చీటీ లేకుండానే ఇస్తారు. 1800112356 కేంద్ర ప్రభుత్వ క్విట్‌లైన్, ఫోన్ ఉచితం. సరదా కోసం అయితే నా దగ్గర సలహా లేదు.

కూకట్‌పల్లి_కుర్రాడు
సరదా కోసమే లెండి. వదిలేస్తున్నా.

రెడింగ్_రాంబాబు
ఆగండాగండి. నేను సంక్రాంతికి మూడు వారాలు ఊరొస్తున్నాను. అంటే అప్పుడు వేప్ ఇక్కడే వదిలి రావాలా? అక్కడికొచ్చి మళ్లీ కిళ్లీ కొట్టు ముందు నిలబడటానికేనా ఇదంతా?

నైట్‌షిఫ్ట్_ఫార్మసీ
వదిలే రావాలి. ప్యాచ్‌లు, గమ్ తెచ్చుకోండి. ప్యాచ్ రోజంతా నెమ్మదిగా నికోటిన్ ఇస్తుంది, మనసు లాగినప్పుడు గమ్. గమ్‌ను బబుల్‌గమ్‌లా కసకస నమలకండి, ఎక్కిళ్లు వస్తాయి. కారంగా అనిపించేదాకా నమిలి దవడ పక్కన పెట్టుకోండి.

బ్యారన్_బాబు
మాది ప్రకాశం జిల్లా, మూడు తరాలుగా వర్జీనియా పొగాకు. ఈ చర్చ చదువుతుంటే నవ్వూ వస్తోంది, కడుపూ మండుతోంది. వేప్‌ను దేశమంతా నిషేధించారు. పొగాకు బోర్డు మాత్రం గుంటూరులో 1976 నుంచీ ఉంది, ఎంత పండించాలో అదే చెబుతుంది, వేలమూ అదే వేస్తుంది. మా పంటకు అడ్డొస్తుందనే వేప్‌ను ఆపారని మా ఊళ్లో చాలామంది నమ్మకం. నిజమో కాదో నాకు తెలియదు.

అసలు చెప్పాలనుకున్నది వేరే. రెలుపుల (ఆకు కోత) టైములో తెల్లవారుజామున మంచుకు తడిసిన ఆకు చంకలో పెట్టుకుని మోసే ఆడవాళ్లకు తల తిరిగి వాంతులయ్యేవి. చిన్నప్పుడు ఎండదెబ్బ అనుకునేవాళ్లం. పొద్దున ఆరింటికి ఎండెక్కడిది? ఆకు తడిలోంచి నికోటిన్ చర్మంలోకి దిగడం వల్ల అలా అవుతుందని తర్వాత తెలిసింది. వాళ్లెవరూ ఒక్క సిగరెట్ తాగి ఎరగరు. కాబట్టి ఆ సీసాలోది చేతి మీద ఒలికితే ప్యాంటుకు తుడుచుకోకుండా సబ్బుతో కడుక్కో రాంబాబూ. చంటిపిల్ల ఉన్న ఇల్లు.

ఇల్లాలి_మాట
పై పోస్టు రాసినవారికి దండం. సీసాల మాట ఎవరూ ఎత్తడం లేదేమిటా అని చూస్తున్నాను. వాటి మీద పండ్ల బొమ్మలు, తియ్యటి వాసన. పాకే పిల్లలకు ఇంకేం కావాలి? మూత నొక్కి తిప్పితేనే వస్తుంది, నిజమే. కానీ మా ఆయన మూత సరిగ్గా పెట్టే రకమైతే నేనీ పోస్టు రాసేదాన్నే కాదు. మందుల పెట్టెలో, పై అరలో, తాళం వేసి పెట్టండి. ఇంకో సంగతి. సిగరెట్ అయితే బయటికెళ్లి చలిలో నిలబడాలి, అందుకే రోజుకు పదే. వేప్ వచ్చాక సోఫాలో కూర్చుని, దుప్పట్లో పడుకుని, స్నానానికెళ్లి కూడా అదే. లెక్కా పత్రం లేదు. ఇంట్లో తాగకూడదని మొదటి రోజే గీత గీయించండి మీ ఆవిడతో.

పొగరాయుడు
మీ ఆయన నేనే కాదు కదా?

ఇల్లాలి_మాట
మూతలు సరిగ్గా పెడతారా?

పొగరాయుడు
పెట్టను. అయ్యో.

నాగావళి_నీళ్లు
మా నాయనమ్మ డెబ్బై ఏళ్లు చుట్ట కాల్చింది, అదీ అడ్డపొగ. శ్రీకాకుళం వైపు వాళ్లకు తెలుస్తుంది, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాలుస్తారు. వంట చేస్తూ, వరి నాటుతూ, మమ్మల్ని తిడుతూ కూడా చుట్ట ఆరేది కాదు. ఆవిడకు ఈ పాడ్ చూపిస్తే "నిప్పేదిరా దీనికి" అనేది.

నైట్‌షిఫ్ట్_ఫార్మసీ
అడ్డపొగకూ అంగిట్లో క్యాన్సర్‌కూ సంబంధం గురించి విశాఖ డాక్టర్లు ఎప్పుడో రాశారు. మీ నాయనమ్మగారు అదృష్టవంతురాలు.

నాగావళి_నీళ్లు
ఆవిడ అదృష్టవంతురాలే. ఆవిడ చెల్లెలు కాదు.

గోదారి_గట్టు
వాతావరణం బరువెక్కింది. ఫ్లేవర్ల సంగతి ఎవరైనా చెప్పండి. మామిడి ఎలా ఉంటుంది?

కౌంటర్_వెనక
బంగినపల్లి తిన్న నోటికి అది మామిడి అని నమ్మించడం కష్టం. చిన్నప్పుడు రూపాయికి దొరికే మామిడి బిళ్ల గుర్తుందా, అది. "మ్యాంగో ఐస్" అంటే ఆ బిళ్ల తిని పైన అమృతాంజనం రాసుకున్నట్టు. చాలామంది మొదట పొగాకు ఫ్లేవర్ అడుగుతారు, సిగరెట్‌లా ఉంటుందని ఆశ. ఉండదు. ఎండుగడ్డికి పాకం పట్టినట్టుంటుంది. నిరాశపడి సిగరెట్‌కు తిరిగిపోయినవాళ్లను చూశాను. 2020 మేలో ఇక్కడ మెంథాల్ సిగరెట్లు నిషేధించాక అవి తాగేవాళ్లలో చాలామంది పుదీనా వేప్‌కు మారారు, వాళ్లు కుదురుకున్నారు. షాపులో రుచి చూపిస్తామంటే చూడండి, కొత్త మూతి పెట్టి ఇస్తేనే.

పొగరాయుడు
పాన్ ఫ్లేవర్ ఒకసారి కొన్నాను. పెళ్లిలో అందరూ తిని వెళ్లిపోయాక మిగిలిన పళ్లెం వాసన.

రెడింగ్_రాంబాబు
వెళ్లొచ్చాను! ఆ షాపు కాదు, బస్సులో రెండు స్టాపుల అవతల ఇంకోటి. యాభై ఏళ్లావిడ ఉంది. తనూ ఒకప్పుడు రోజుకు ముప్ఫై తాగేదట. నా ముందు ఒక కుర్రాడు నిలబడ్డాడు. వయసు కార్డు అడిగితే ఫోన్లో ఫొటో చూపించాడు, ఒప్పుకోలేదు, పంపేసింది. అక్కడే నాకు గురి కుదిరింది.

"రోజుకు ఎన్ని?" అంది. నోటి చివరిదాకా "ఆరు" వచ్చింది. కౌంటర్_వెనక గారు గుర్తొచ్చి పన్నెండన్నాను. లేచాక ఎంతసేపటికి అంది. టీ పొంగేలోపే అన్నాను. నవ్వి 20 సాల్ట్ తీసింది. పాడ్‌లో ద్రవం పోసి, వెంటనే లాగబోతే చేయి పట్టుకుని ఆపింది. లోపల దూది తడవాలి, పది నిమిషాలు ఆగు, లేకపోతే మొదటి దమ్ముకే మాడిపోతుంది అంది. ఆ పది నిమిషాలూ తన మనవడి ఫొటోలు చూపించింది.

కిట్ 18 పౌండ్లు, మూడు సీసాలు 10 పౌండ్లు. బ్లూబెర్రీ, పుదీనా, ఇంకోటి ఏదో నిమ్మ. మొదటి దమ్ము సిగరెట్‌లా గట్టిగా లాగాను. దగ్గు, కళ్లనీళ్లు, నాలుక మీద ఒక చుక్క చురుక్కుమంది.

కౌంటర్_వెనక
గట్టిగా లాగితే ద్రవం అలాగే చిమ్ముతుంది. సిగరెట్ దమ్ము ఒకటి రెండు సెకన్లు. దీన్ని టీ ఊదుకుని తాగినట్టు మూడు నాలుగు సెకన్లు మెల్లగా లాగాలి. మంచినీళ్లు బాగా తాగండి, నోరు ఎండిపోతుంది. ఆవిడ మంచి షాపు మనిషి. పాడ్ వారం పది రోజులకొకసారి మార్చండి. మాడు వాసన వస్తే ఇంకా నాలుగు దమ్ములు లాగి చూద్దామనుకోకండి. పాతదీ బ్యాటరీ ఉన్నదీ చెత్తబుట్టలో వేయకూడదు, షాపులోనే తిరిగి ఇవ్వొచ్చు.

నీలాల_నింగి
అన్నయ్యా, మీ కౌన్సిల్ (స్థానిక సంస్థ) స్టాప్ స్మోకింగ్ సర్వీసును, అంటే సిగరెట్ మానడానికి సాయం చేసేవాళ్లను అడగలేదా? 2023 ఏప్రిల్లో ప్రభుత్వం ఇంగ్లండ్‌లో పది లక్షల మందికి వేప్ కిట్లు ఇచ్చే పథకం ప్రకటించింది. చాలా కౌన్సిళ్లు ఉచితంగానే ఇచ్చాయి. మా వారికి కిట్, నాలుగు వారాల సీసాలు, వారానికోసారి ఫోన్ చేసే మనిషి, అన్నీ ఫ్రీ.

రెడింగ్_రాంబాబు
ఈ మాట నిన్న చెప్పొచ్చుగా తల్లీ! 28 పౌండ్లు.

నీలాల_నింగి
నిన్న నైట్ డ్యూటీ. అయినా ఇప్పుడు కూడా చేరండి. కిట్ కోసం కాకపోయినా ఆ ఫోన్ చేసే మనిషి కోసం.

లెక్కల_మాస్టారు_లండన్
ఎవరూ చెప్పనిది ఒకటి. జీవిత బీమా ఉన్నా, తీసుకోబోతున్నా, ఇక్కడి కంపెనీలు చాలావరకు వేప్ తాగేవాడిని సిగరెట్ తాగేవాడిగానే లెక్కేస్తాయి. పన్నెండు నెలలు నికోటిన్ ఏ రూపంలోనూ ముట్టకపోతేనే తక్కువ ప్రీమియం. మా స్నేహితుడు వేప్‌కు మారి "నాన్ స్మోకర్" అని టిక్ పెట్టబోతే నేనే ఆపాను. పాప పుట్టిందన్నారు కాబట్టి బీమా ఆలోచన ఉంటుంది. ఇంకోటి, 2026 అక్టోబరు 1 నుంచి 10 మిల్లీలీటర్ల సీసాకు 2.20 పౌండ్ల సుంకం, దాని మీద వ్యాట్ కూడా. నెలకు నలభై ఐదు అని మురిసిపోయిన పొగరాయుడుగారు మళ్లీ లెక్క వేసుకోవాలి.

పొగరాయుడు
మాస్టారూ, మీరు పెళ్లిళ్లలో కూడా ఇలాగే మాట్లాడతారా?

రెడింగ్_రాంబాబు
నాలుగో రోజు. సిగరెట్లు పన్నెండు నుంచి రెండుకు వచ్చాయి. కానీ చేతులు వణుకుతున్నాయి, రాత్రి నిద్ర లేదు, గుండె దడదడ. 20 ఎక్కువైందా?

నైట్‌షిఫ్ట్_ఫార్మసీ
కాఫీ ఎన్నిసార్లు తాగుతున్నారు?

రెడింగ్_రాంబాబు
ఐదు. ఎప్పుడూ ఐదే. మా ఆవిడ చిక్కటి ఫిల్టర్ కాఫీ చేస్తుంది. కాఫీకీ దీనికీ ఏమిటి?

నైట్‌షిఫ్ట్_ఫార్మసీ
చాలా ఉంది. సిగరెట్ పొగలోని తారు మన కాలేయంలో ఒక ఎంజైమ్‌ను పరిగెత్తిస్తుంది. కాఫీలోని కెఫీన్‌ను ఖర్చు చేసేది అదే. సిగరెట్ తగ్గించగానే దాని పరుగు నెమ్మదిస్తుంది, అవే ఐదు కాఫీలు ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తాయి. ఇది నికోటిన్ పని కాదు, పొగ పని. అందుకే వేప్‌కు మారినా వస్తుంది. కాఫీ రెండుకు తగ్గించి చూడండి, సాయంత్రం వద్దు. వేప్ ఎడాపెడా లాగుతున్నా దడ వస్తుంది. తల తిరిగినా, వికారంగా ఉన్నా ఆపి కాసేపు కూర్చోండి. దడ తగ్గకపోతే ఎన్‌హెచ్‌ఎస్ సలహా నంబరు 111కు ఫోన్ చేయండి.

ఇదే కారణం చేత కొన్ని మందుల మోతాదూ మార్చాల్సి వస్తుంది. థియోఫిలిన్ (ఉబ్బసం మందు), క్లోజాపిన్ (మానసిక రోగాల మందు) వాడేవాళ్లు, కారణం వేరైనా ఇన్సులిన్ తీసుకునేవాళ్లు కూడా, సిగరెట్ మానేస్తున్నామని డాక్టర్‌కు ముందే చెప్పాలి.

గోదారి_గట్టు
ఇన్నేళ్లూ మా బావ సిగరెట్ మానితే పిచ్చెక్కుతుందని అనేవాడు. కాఫీనా!

అట్లాంటా_అక్క
ఆ రెండు సిగరెట్ల సంగతి ఏమిటి తమ్ముడూ? అదీ ఇదీ రెండూ తాగడమే అన్నిటికన్నా తెలివితక్కువ పని. నేను వేప్‌కు వ్యతిరేకమే కానీ, మారితే పూర్తిగా మారు.

నైట్‌షిఫ్ట్_ఫార్మసీ
ఇది అక్క చెప్పినట్టే. రోజుకు ఒకటి రెండైనా గుండెకు చేసే చెడు మీరనుకున్నంత తగ్గదు.

రెడింగ్_రాంబాబు
ఆ రెండూ ఆఫీసులో గురుప్రీత్ అనే పంజాబీ స్నేహితుడితో. వాడితో బయట నిలబడే ఆ పది నిమిషాల్లోనే నాకు ఆఫీసు సంగతులన్నీ తెలుస్తాయి. సిగరెట్ మానడం ఒక ఎత్తు, గురుప్రీత్‌ను మానడం ఇంకో ఎత్తు.

నాగావళి_నీళ్లు
వాడినీ ఆ ముసలావిడ షాపుకు తీసుకెళ్లు.

రెడింగ్_రాంబాబు
ఆరో వారం. ఎవరైనా ఇంకా ఈ పోస్టు చూస్తున్నారా?

గురుప్రీత్ రానన్నాడు. తనకిదంతా ఆడపిల్లల లిప్‌స్టిక్‌లా కనిపిస్తోందట. వాడితో పాటు బయటికి వెళుతున్నాను, వాడు సిగరెట్, నేను పుదీనా. గాలి వాడి వైపు నుంచి వీస్తే కష్టంగా ఉంది. పదిహేడు రోజులుగా సిగరెట్ లేదు. అంతకుముందు రెండుసార్లు జారాను, ఒకటి టీమ్ డిన్నర్‌లో, ఒకటి ఏ కారణమూ లేకుండా. 20 నుంచి 10కి దిగాను, ఆవిడే చెప్పింది. ఇంట్లో తాగట్లేదు, వెనక పెరట్లోనే. కాఫీ రెండు.

మొన్న మా అత్తగారు తెనాలి నుంచి వచ్చారు. వంటింట్లో చార్జింగ్ పెట్టిన పాడ్ చూసి "అల్లుడుగారూ, మీ పెన్ డ్రైవ్‌లో లైటు వెలుగుతోంది, ఆఫీసు పని అయిపోయిందేమో చూసుకోండి" అన్నారు. మా ఆవిడ నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను.

ఇల్లాలి_మాట
చార్జింగ్ వంటింట్లో పెట్టి వదిలేశారా? పాప పాకుతోందా ఇంకా లేదా?

రెడింగ్_రాంబాబు
ఇంకా బోర్లా పడుతోంది అంతే. పై అరకు మార్చేశానండీ, ఒట్టు.

కౌంటర్_వెనక
సంక్రాంతికి వెళ్లేటప్పుడు దాన్ని అత్తగారి బ్యాగులో పెట్టి పంపకండి, పెన్ డ్రైవ్ అనుకుని తీసుకెళ్లిపోతారు.

మౌనప్రేక్షకి
మొదటినుంచీ చదువుతున్నాను, పోస్టు పెట్టడం ఇదే మొదలు. ఆడవాళ్లు వెళితే ఆ షాపుల్లో వింతగా చూస్తారా? మా ఇంట్లో ఎవరికీ తెలియదు నేను తాగుతానని. లూటన్‌లో ఉంటాను.

నీలాల_నింగి
చూడరు. నాకు మెసేజ్ పెట్టండి. శనివారం నాకు సెలవు, కలిసి వెళదాం.